కలుపు మందు ఒక్కసారిగా మానకండి, ముందు నేలలోని గింజ సంగతి చూడండి

కలుపు మందు తగ్గించాలని ఉందనీ, మానేస్తే చేను అడవిలా మారుతుందేమోనని భయంగా ఉందనీ రాశారు. ఆ భయం నిజమైనదే. నేను అలాగే మానేసి ఒక పంట చాలావరకు పోగొట్టుకున్నాను. మొక్కజొన్నలో ఏళ్ల తరబడి అట్రజిన్ ఒక్కటే కొట్టేవాణ్ణి. వెడల్పాకు కలుపు చచ్చేది. ఆ మందుకు లొంగని తుంగ మాత్రం, పోటీగా మరో మొక్క లేక ఏటికేడాది చిక్కబడింది. విసుగెత్తి ఒక ఏడాది మందు ఆపేశాను. బదులుగా ఏమీ సిద్ధం చేసుకోలేదు. నెల తిరిగేసరికి సాళ్లు కనిపించలేదు.

మనం పైన చూసే కలుపు కొంతే, మిగతాదంతా గింజగా నేలలో ఉంటుంది. బాగా పెరిగిన ఒక్క అడవి తోటకూర మొక్క లక్షకు పైగా గింజలు రాల్చగలదు. అవన్నీ ఒకేసారి మొలవవు, ఏళ్ల తరబడి విడతలుగా లేస్తాయి. అందుకే విత్తకముందే వాటిని మొలిపించి చంపడం నాకు అన్నిటికన్నా బాగా పనిచేసింది.

నేల చదును చేశాక వెంటనే విత్తకండి. వాన పడ్డాకనో, ఒక తడి ఇచ్చాకనో వారం, పది రోజులు ఆగండి. ఆకులు పైకి రాకముందే వేలితో మట్టి గీకి చూడండి, తెల్లదారాల్లాంటి మొలకలు కనిపిస్తాయి. ఆ దశలో, ఎండ కాసే రోజు పొద్దున్నే గుంటక (పైమట్టిని గీకి కలుపును కోసే పనిముట్టు) తోలితే సాయంత్రానికి ఎండిపోతాయి. రెండు మూడు సెంటీమీటర్లకు మించి లోతు పోనివ్వకండి. పోతే అడుగున నిద్రపోతున్న గింజలను మీరే పైకి తెచ్చుకున్నట్టు. అదును దాటిపోదనుకుంటే ఇదే పని రెండోసారి కూడా చేసి, అప్పుడు విత్తండి.

మందు పూర్తిగా మానలేని వాళ్లు సాలు వెంట మాత్రమే కొట్టవచ్చు. సాళ్ల మధ్య 60 సెంటీమీటర్ల ఎడం ఉన్నచోట 20 సెంటీమీటర్ల పట్టీగా కొడితే మందు మూడో వంతే ఖర్చవుతుంది. మిగిలిన మధ్య భాగానికి గుంటక ఉంది కదా. మొక్కజొన్నకు రెండో వారం నుంచి ఆరో వారం దాకా చేను శుభ్రంగా ఉండాలి. ఆ తర్వాత దాని నీడే చాలా కలుపును అణిచేస్తుంది.

తుంగ దగ్గర మాత్రం ఓపిక కావాలి. తవ్వి చూస్తే దారానికి గుచ్చిన పూసల్లా గడ్డలు వరసగా కనిపిస్తాయి. తడి నేలలో దున్నితే ఆ గొలుసు తెగి ప్రతి గడ్డా ఒక కొత్త మొక్క అవుతుంది. పంట లేని ఎండాకాలంలో లోతుగా దున్ని, గడ్డలను పైకి తేల్చి ఎండనివ్వాలి. తుంగ నీడను ఓర్చుకోలేదు కాబట్టి, ఆ తర్వాత పచ్చిరొట్టగా, అంటే పచ్చిగానే నేలలో కలియదున్నే ఎరువుగా, జనుమును ఒత్తుగా చల్లాను. నా చేలో అది పూర్తిగా పోలేదు కానీ, ఇప్పుడు సాళ్లు కనిపిస్తున్నాయి, పంట చేతికొస్తోంది.

మొదటి ఏడాది ఒక మడిలోనే చేసి చూడండి. బాగా చివకని పశువుల ఎరువు వేయకండి, దాంతో పాటే కలుపు గింజలు వస్తాయి. పూత దాటిన కలుపును పీకి గట్టున పడేయకండి. చాలా మొక్కలకు పీకాక కూడా గింజ ముదురుతుంది, మళ్లీ చేలోకే చేరుతుంది.