సంతకం పెట్టాక కాదు, పెట్టకముందే అడగాలి

ప్రశ్న: "మా అన్నయ్య ఒడిశా సరిహద్దు బ్లాకులో పంచాయతీ సమితి మెంబరు. వెనుకబడిన ప్రాంతమని జిల్లాకు వచ్చే అభివృద్ధి డబ్బు మీద ఇలాంటి మెంబర్లకు నిజంగా అజమాయిషీ ఉంటుందా? అధికారులకే వదిలేస్తే పనులు తొందరగా అవుతాయి కదా?"

ఉంటుంది. కాకపోతే దాన్ని ఎవరూ పిలిచి చేతిలో పెట్టరు, అడిగి తీసుకోవాలి. 2012 పంచాయతీ ఎన్నికల్లో గెలిచి నేనూ సమితి మెంబరుగా ఒక దఫా చేశాను. సమితి అంటే ఊరి పంచాయతీకి పైన, జిల్లా పరిషత్తుకు కింద ఉండే బ్లాకు సభ. వంశధార పక్క బ్లాకు మాది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, సంతలో సవర, మూడూ కలిపి బతికే ఊళ్లు. మీ రెండో ప్రశ్న చదివితే నాకు కోపమే వచ్చింది. తొందరగా అయిన పనులు నేను చూశాను కాబట్టి వాటి సంగతే ముందు చెబుతాను.

అప్పట్లో మాకు వెనుకబడిన ప్రాంతాల గ్రాంటు నిధి అని కేంద్రం డబ్బు వచ్చేది. 2006-07లో మొదలై దేశంలో 250 జిల్లాలకు ఇచ్చారు. ఒక్కో జిల్లాకు ఏడాదికి కనీసం 10 కోట్లు, ఆపైన జనాభా, విస్తీర్ణం చూసి మరికొంత. గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కనగిరి అన్నీ ఆ జాబితాలోవే. ఆ నిధి నియమాల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఏ పని కావాలో ముందు గ్రామసభలో తేలాలి. అది పంచాయతీ నుంచి సమితికి, సమితి నుంచి జిల్లా ప్రణాళికా కమిటీకి వెళ్లాలి. అంటే కింద నుంచి పైకి. మా దగ్గర మాత్రం లిస్టు పైనుంచి దిగేది.

ఒక మీటింగు గురించి చెబుతాను. కబురు ముందురోజు సాయంత్రం ఫోనులో వచ్చింది. పనుల కాగితం హాల్లో కూర్చున్నాక చేతికిచ్చారు. గుమస్తా ఒడియాలో గడగడా చదువుకుపోతున్నాడు, ఇంకోపక్క టీ, సమోసాలతో పాటే సంతకాల పుస్తకం తిరుగుతోంది. అందులో ఒక పని మార్కెట్ యార్డు. షెడ్లు, సిమెంటు గచ్చు, చిన్న గోదాము. రైతుల ఆదాయం పెంచడానికట. ఎక్కడ కడతారని అడిగితే సంత జరిగే చోటు నుంచి రెండు కిలోమీటర్ల అవతల చూపించారు. అక్కడ సర్కారు భూమి ఖాళీగా ఉంది, లారీ నేరుగా లోపలికి వెళ్లిపోతుంది. అంతకు మించి ఇంకో కారణం నాకు ఈరోజు వరకూ ఎవరూ చెప్పలేదు.

మా సంత బస్సులు ఆగే మలుపు దగ్గర మామిడి తోపులో జరుగుతుంది. తెల్లారకముందే కొండల మీంచి ఆడవాళ్లు దిగుతారు. నెత్తి మీద పసుపు, అల్లం, చింతపండు, జీడిపిక్కలు, కొండచీపుళ్లు. కొనేవాళ్లు పాలకొండ, పార్వతీపురం వైపు నుంచి వస్తారు. ఆ లిస్టు చదువుతుంటే ఒక సవర సర్పంచమ్మ లేచి నిలబడింది. అంతకుముందు ఆమె మీటింగులో నోరు విప్పడం నేను చూడలేదు. తెలుగులోనే అంది: "బాబూ, కొండ దిగొచ్చేసరికే మెడలు పడిపోతన్నాయి. ఇంకా అంత దూరం మొయ్యలేక దార్లోనే అమ్మేసుకుంటాం. దార్లో కొన్నోడు సగం ధరే ఇస్తాడు."

మార్కెట్ యార్డు గురించి ఇంతకన్నా మంచి ఆర్థిక విశ్లేషణ నేను ఎక్కడా వినలేదు. సంత జరగని చోట షెడ్డు కడితే లాభం దారి కాసే దళారీకే. ఆ మాట ఆ హాల్లో ఉన్న ఇంజినీర్లలో ఒక్కరికీ తట్టలేదు, ఎందుకంటే వాళ్లెవరూ బుట్ట మోయలేదు. "లిస్టు పైనుంచి వచ్చిందమ్మా, ఇప్పుడు మారదు" అని ఆమెను కూర్చోబెట్టేశారు. నేను, మరి నలుగురం సంతకం పెట్టలేదు. మా అభ్యంతరాన్ని మినిట్స్‌లో రాయమని పట్టుబట్టాం. రాసేదాకా లేవలేదు. అయినా పని మొదలైపోయింది.

అప్పుడు ఎస్టిమేటు కాపీ అడిగాను. "అది మెంబర్లకు చూపించే కాగితం కాదండీ" అన్నాడు జూనియర్ ఇంజినీరు. మరి ఎవరికి చూపించే కాగితం? ఊరి పేరు మీద మంజూరైన డబ్బుకి ఊరు ఎన్నుకున్న మనిషి లెక్క చూడకూడదా? సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాం. పది రూపాయల రుసుము, ముప్పై రోజుల గడువు. ఇక్కడ ఇంకో గోడు చెప్పాలి. కేంద్ర ఆఫీసులకైతే తెల్లకాగితం మీద రాసినా చాలు, మా ఒడిశాలో ఫారం-ఏ నింపి, గుర్తింపు రుజువు జత చెయ్యాలి. కొండ మీది మనిషికి ఆ ఫారమే పెద్ద కొండ. దాన్ని తీసేస్తే సగం అజమాయిషీ దానంతటదే వస్తుందని నా గట్టి నమ్మకం.

ఆ చట్టంలో చాలామందికి తెలియని మాట ఒకటుంది. కాగితాలే కాదు, జరుగుతున్న పనిని కళ్లారా తనిఖీ చేసే హక్కు, వాడిన సామాను నమూనా తీసుకునే హక్కు కూడా అందులో ఉన్నాయి. ఎస్టిమేటు చేతికొచ్చిన వారం సంత రోజు చూసుకుని టేపు పట్టుకుని వెళ్లాం. సర్పంచమ్మ వచ్చింది, ఆమె వెనక సంత ఆడవాళ్లు వచ్చారు. గచ్చు మందం ఆరంగుళాలని రాసుంది. ఒక మూల కుర్రాడు గునపంతో రెండు పోట్లు పొడిచేసరికి మట్టి తగిలింది. కొలిస్తే మూడున్నర. కాంట్రాక్టరు మనిషి అది అంచు కాబట్టి పల్చగా ఉంటుందన్నాడు. సర్పంచమ్మ ఏమీ అనకుండా నడిచి వెళ్లి సరిగ్గా నడిమధ్యలో నిలబడి, "ఇక్కడ తవ్వు" అంది. అక్కడా అంతే.

ఫొటోలు, కొలతలు, పంచాయతీ తీర్మానం కలిపి పైకి పంపాం. ఫైనల్ బిల్లు ఆగింది. గచ్చు మళ్లీ పోశారు. అన్నిటికన్నా ముఖ్యం, ఇంకా మొదలెట్టని రెండు షెడ్లు సంత జరిగే తోపుకి మారాయి. కట్టేసిన వాటిలో ఇప్పుడు మొక్కజొన్న ఆరబోస్తున్నారు. మారిన రెండు షెడ్ల కింద మాత్రం వానాకాలంలో మా ఆడవాళ్లు నిలబడి బేరం ఆడుతున్నారు. పసుపు తడిసిపోతోందని ఇచ్చిందానికి ఇచ్చేసే రోజులు పోయాయి. అజమాయిషీ అంటే నాకు తెలిసింది ఇదే.

ఇక మీ అన్నయ్య కట్టిపడేసినట్టు ఎందుకుంటాడో చెబుతాను. రాజ్యాంగం 243-జెడ్‌డి ప్రకారం ప్రతి జిల్లాకూ ప్రణాళికా కమిటీ ఉండాలి. అందులో ఐదింట నాలుగు వంతులు జిల్లా పరిషత్, మున్సిపాలిటీ సభ్యుల్లోంచి వాళ్లే ఎన్నుకున్నవాళ్లు కావాలి. చదివితే ఎంతో బాగుంది. కానీ మా రాష్ట్రంలో ఆ కమిటీకి అధ్యక్షుడు మంత్రి. జిల్లా పరిషత్‌కు ముఖ్య కార్యనిర్వహణాధికారి కలెక్టరు. జిల్లాలో డబ్బు ఖర్చయ్యేదీ ఆ కలెక్టరు చేతి మీదుగానే. ఖర్చు పెట్టేవాడి లెక్క అడగాల్సిన సభను ఖర్చు పెట్టేవాడే నడిపితే సభ్యుడికి గొంతెలా వస్తుంది? కలెక్టర్లు మంచివాళ్లే కావచ్చు, నేను చూసినవాళ్లలో బాగా కష్టపడేవాళ్లున్నారు. ఏర్పాటే తప్పు. జిల్లా పరిషత్‌కు వేరే అధికారి ఉండి తీరాలి.

2018 జనవరిలో ఆకాంక్షిత జిల్లాల కార్యక్రమం వచ్చింది. దేశంలో వెనుకబడిన 112 జిల్లాలు, వాటి ప్రగతిని కొలిచే 49 సూచికలు. మార్కుల్లో ఆరోగ్యం, పోషణకు 30 శాతం, చదువుకు 30, వ్యవసాయం, నీటికి 20, బ్యాంకులు, నైపుణ్యాలకు 10, మౌలిక సదుపాయాలకు 10. నెలనెలా ర్యాంకులు. రాయగడ, గజపతి, కొరాపుట్ అందులో ఉన్నాయి. ర్యాంకుల వల్ల అధికారుల్లో చురుకు పుట్టిందని ఒప్పుకుంటాను. కానీ ఆ 49లో "గ్రామసభ ఈ పని కావాలందా?" అన్న సూచిక లేదు. ఆ ఒక్కటి చేర్చితే మిగతావి వాటంతట అవే బాగుపడతాయి.

"చదువు రాని మెంబర్లకు పథకాలేం అర్థమవుతాయి?" అని మన తెలుగువాళ్లే, బరంపురంలో, జయపురంలో పెద్ద ఉద్యోగాలు చేసినవాళ్లే నాతో అన్నారు. వాళ్లకు నియమగిరి కొండల సంగతి గుర్తు చేస్తాను. బాక్సైటు గనుల మీద ఊళ్లనే అడగమని 2013 ఏప్రిల్లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఎండాకాలం దాటాక రాయగడ జిల్లాలో ఏడు, కలహండిలో ఐదు పల్లి సభలు, అంటే ఊరివాళ్లంతా కూర్చునే సభలు, జిల్లా జడ్జీల ఎదుట జరిగాయి. పన్నెండుకి పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. ఆ కొండల మీద బతికే ఆదివాసీలు, డోంగ్రియా కోందులు, ఏ కాగితం చదివి అంత స్పష్టంగా మాట్లాడారు? వాళ్ల కొండ వాళ్లకు తెలుసు, అది చాలింది. అక్కడ కలిసొచ్చింది ఏమిటంటే, అడగడం ముందు జరిగింది, తవ్వడం కాదు.

ఇంకో మాట అనకుండా ఉండలేను. ఒడిశాలో 2012 నుంచి పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవి. అయినా చాలా మీటింగుల్లో ఆ కుర్చీలో భర్తో, మరిదో కూర్చుంటాడు, ఆఫీసువాళ్లు కూడా ఆయన్నే "సర్పంచ్ బాబూ" అని పిలుస్తారు. దీన్ని చూసీచూడనట్టు వదిలేసే ప్రతి అధికారీ ఆ పదవిని దొంగిలించడంలో భాగస్తుడే. ఆ రోజు ఆ సర్పంచమ్మ బదులు వాళ్లాయన వచ్చుంటే బుట్ట సంగతి ఎవరు చెప్పేవారు?

మీ అన్నయ్యకు చెప్పండి. వచ్చే మీటింగుకు వారం ముందే పనుల లిస్టు, ఎస్టిమేట్ల కాపీలు కావాలని బ్లాకు అధికారి బీడీవోకు రాసిచ్చి, రసీదు తీసుకోమనండి. ఒడియా లెక్కలు చదవడం కష్టమైతే ఊళ్లో కాలేజీ పిల్లల్ని కూర్చోబెట్టి చదివించుకోమనండి. ఫిబ్రవరి పల్లి సభ తీర్మానాల కాపీ జేబులో పెట్టుకుని, అందులో లేని పని లిస్టులో కనిపిస్తే అది ఎక్కడినుంచి వచ్చిందో అడగమనండి. జవాబు రాకపోతే సంతకం పెట్టొద్దు, ఆ కారణం మినిట్స్‌లో రాయించాలి. ఒక్కడే లేస్తే కూర్చోబెట్టేస్తారు, కాబట్టి ముందురోజే ఇద్దరు ముగ్గురు సర్పంచుల ఇళ్లకు వెళ్లి మాట్లాడి రమ్మనండి, అందులో ఒక్కరైనా ఆడమనిషి అయ్యేలా చూసుకోమనండి.