మారియాగర్‌కు రెండు రోజులు సరిపోతాయి, ఒక రోజు మాత్రం నడకకు ఉంచుకోండి

మీ అబ్బాయి డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో చదువుతున్నాడని, జూన్ చివర మీరు వెళ్ళినప్పుడు ఫ్యోర్డు (నేల లోపలికి చొచ్చుకువచ్చిన సన్నని సముద్రపు పాయ) ఒడ్డున ఏదైనా చిన్న ఊరు చూడాలని ఉందని, అది నార్వే ఫోటోలలో కనిపించినట్టే ఉంటుందా అని అడిగారు. అలా ఉండదు. మంచుయుగంలో ఏర్పడిన లోయలలోకి సముద్రం చేరడం వల్ల పుట్టిన డెన్మార్క్ ఫ్యోర్డులకు నిలువు కొండలు ఉండవు. పశువులు మేసే పచ్చని వాలు నేలలు, బీచ్ (beech) అనే జాతి చెట్ల అడవులు నీటి అంచు దాకా దిగివస్తాయి.

మా అమ్మతో కలిసి నేను వెళ్ళిన ఊరు మారియాగర్. హోబ్రో పట్టణం నుంచి కాటెగాట్ సముద్రం వరకు సుమారు 35 కిలోమీటర్లు సాగే ఫ్యోర్డుకు దక్షిణపు ఒడ్డున ఉంటుంది. రాళ్ళు పరిచిన సన్నని వీధులు, కర్ర చట్రాల పాత ఇళ్ళు, గుమ్మాల పక్కన గోడ పొడవునా పాకిన గులాబీలు, 15వ శతాబ్దపు మఠానికి చెందిన చర్చి, ఇవన్నీ ఒక ఉదయంలో తీరికగా చూడవచ్చు.

అమ్మ ఎక్కువసేపు ఆగింది ఉప్పు మ్యూజియంలో. ఇక్కడ భూగర్భంలోని ఉప్పు దిబ్బలోకి నీటిని పంపి, కరిగిన ఉప్పునీటిని పైకి తెచ్చి, మరిగించి ఉప్పు తీస్తారు. నౌపడ ఉప్పు మడులలో ఎండకే ఉప్పు పేరడం చూస్తూ పెరిగిన ఆమెకు, ఉప్పు కోసం పొయ్యి వెలిగించవలసి రావడం నమ్మశక్యం కాలేదు. సందర్శకులు కూడా స్వయంగా ఉప్పు మరిగించి ఇంటికి తెచ్చుకోవచ్చు. మేము తెచ్చిన చిన్న సంచీని అమ్మ ఇప్పటికీ విప్పలేదు.

రెండవ రోజు హోబ్రో దగ్గరి ఫ్యూర్కాట్‌కు వెళ్ళండి. 980 ప్రాంతంలో, డెన్మార్క్ రాజు హెరాల్డ్ బ్లూటూత్ కాలంలో కట్టిన ఈ వైకింగు కోట 120 మీటర్ల వ్యాసంతో గుండ్రంగా, నాలుగు ద్వారాలతో ఉంటుంది. 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మట్టికట్ట మీద నడుస్తూ చూస్తే తప్ప దాని కొలతలోని కచ్చితత్వం అర్థం కాదు.

దారి పొడవునా పొలాలు ఎంత అందంగా ఉన్నా, ఒక విషయం తెలిసి చూడండి: ఆ పొలాల నుంచి కొట్టుకువచ్చిన ఎరువుల వల్ల నాచు విపరీతంగా పెరిగి కుళ్ళడంతో, 1997 వేసవిలో ఫ్యోర్డు లోపలి భాగంలో ఆక్సిజన్ హరించుకుపోయి, చేపలతో సహా జీవరాశి దాదాపు అంతా నశించింది. అది తెలిశాక ఆ నిశ్చలమైన నీటిని నేను మునుపటిలా చూడలేకపోయాను.

ఆర్హుస్ నుంచి హోబ్రో దాకా రైలు, అక్కడి నుంచి బస్సు ఉంటాయి. ఆదివారం బస్సులు తక్కువ; ఒకటి తప్పిపోయి అమ్మను చలిగాలిలో చాలాసేపు నిలబెట్టాను, కనుక వేళలు ముందే చూసుకోండి. మారియాగర్ పక్కనే ఉన్న కాంస్యయుగపు సమాధి దిబ్బ హోహోయ్‌కి మాత్రం రాత్రి భోజనం ముగించుకొని వెళ్ళండి. జూన్ చివర పది దాటేవరకు వెలుతురు ఉంటుంది. గాలి ఆపే కోటు తప్పక వేసుకోండి.