పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చింది కదా, ఈజీఆర్ మూసేస్తే తప్పేంటి?

ప్రశ్న: నాది 2018 మోడల్ డీజిల్ కారు. ఈజీఆర్ వాల్వ్‌లో (పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే భాగం) మసి పేరుకుని పికప్ పడిపోయింది. కొత్త వాల్వ్ దండగని చెప్పి మెకానిక్ దానికి అడ్డంగా రేకు బిగించాడు. బండి బాగా నడుస్తోంది, పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా వచ్చింది. ఇది నేరమని మా బావమరిది భయపెడుతున్నాడు. నిజమేనా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ బావమరిది చెప్పింది నిజమే. ముందు ఆ సర్టిఫికెట్ సంగతి చూద్దాం. డీజిల్ బండికి పొల్యూషన్ సెంటర్‌లో చూసేది పొగ ఎంత నల్లగా, చిక్కగా వస్తోందనే. ఈజీఆర్ పని వేరు. కొంత పొగను మళ్లీ ఇంజన్‌లోకి పంపి, లోపలి మంట వేడిని తగ్గించి, నైట్రోజన్ ఆక్సైడ్లు పుట్టకుండా చూస్తుంది. ఆ వాయువులను అక్కడ కొలవరు. పైగా ఈజీఆర్ మూస్తే మసి తగ్గుతుంది కాబట్టి పరీక్ష ఇంకా తేలిగ్గా పాసవుతుంది! అందుకే ఆ కాగితం మీ రేకుకు అనుమతి పత్రం కాదు.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ‘రంగు మార్చలేదు, ఇంజన్ మార్చలేదు, ఆర్‌సీతో పేచీ ఏముంది’ అని వాదించవచ్చు. కానీ ఆర్‌సీలో భారత్ స్టేజ్ 4 (కాలుష్య ప్రమాణం) అని ఉన్న బండిలో ఆ ప్రమాణం కోసమే పెట్టిన భాగాన్ని పనిచేయకుండా చేశాక ఆ వాదన నిలవదని నా అభిప్రాయం. అనుమతి లేని మార్పుకు సెక్షన్ 182ఎ(4) కింద ఆరు నెలల వరకు జైలు లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ. కాలుష్య ప్రమాణాలు మీరిన బండి నడిపితే సెక్షన్ 190(2) ఉంది: మొదటిసారి మూడు నెలల వరకు జైలు లేదా రూ.10,000 వరకు జరిమానా, లేదా రెండూ; దాంతోపాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. రిజిస్ట్రేషన్ సస్పెండ్ చేసే అధికారమూ ఆర్టీఓకు ఉంది.

రోడ్డు మీద పోలీసులు బానెట్ ఎత్తి రేకు వెతుకుతారని టెన్షన్ పడకండి. చిక్కు వచ్చేది ఇంజన్ పాడై ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టినప్పుడు, సర్వేయర్ చూసినప్పుడు. బండి అమ్మాక కొన్నవాడు కనిపెట్టినా పేచీయే.

రేకు తీయించండి. వాల్వ్‌ను విప్పి మసి కడిగించుకోవడం చట్టబద్ధమే, చాలాసార్లు అదే సరిపోతుంది. ఆ పనికి బిల్లు తీసుకోండి.

మెకానిక్ మీద కేసు వేయవచ్చా అంటే, పాత బిల్లులో ఏం రాశాడో చూడండి. ‘ఈజీఆర్ క్లీనింగ్’ అని రాసి మీకు చెప్పకుండా రేకు పెట్టి ఉంటే అది సేవా లోపం. రెండేళ్ల లోపు మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు ఉండదు. మీరు ‘సరే’ అన్నాకే బిగించి ఉంటే మాత్రం ఆ కేసు జోలికి వెళ్లకండి.