"ఖాళీగానే ఉన్నావుగా" – జాబ్ లేని రోజుల మీద మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన మెయిళ్లు, ఉత్తరాలు అన్నీ ముందేసుకుని చూస్తే చాలావరకు జాబ్ పోయినవాళ్లవో, మానేసినవాళ్లవో, వాళ్ల ఇంట్లోవాళ్లవో ఉన్నాయి. అందుకే ఈసారి పేజీ మొత్తం వాళ్లకే. చాలా ఏళ్లు హెచ్‌ఆర్‌లో పనిచేసినదాన్ని కాబట్టి కాగితాల సంగతి కూడా కలిపి చెప్తున్నా, ఎందుకంటే ఇలాంటప్పుడు మనసు బాధలో పడి కాగితాలు మర్చిపోతాం, తర్వాత ఏడ్చేది వాటి గురించే.

అక్కా, నాకు 34 ఏళ్లు, కూకట్‌పల్లిలో ఉంటాం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేసేవాణ్ణి. ప్రాజెక్ట్ అయిపోయిందని కొన్నాళ్లు పనేమీ ఇవ్వకుండా బెంచ్ మీద కూర్చోబెట్టి రిజైన్ చెయ్యమన్నారు, చేసేశా. నా భార్యకి తెలుసు. అమ్మానాన్న మాతోనే ఉంటారు, వాళ్లకి చెప్పలేదు. రోజూ పొద్దున్నే బ్యాగ్ తగిలించుకుని మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగుతున్నా, కాసేపు టీ కొట్టు, కాసేపు పార్కు, రాత్రికి ఇల్లు. నాన్నకి బీపీ, షుగర్ ఉన్నాయి, చెప్తే ఏమవుతుందో అని భయం.

తమ్ముడూ, ఒక్క మాట అడుగుతా. మీ నాన్నగారి మందులు, హాస్పిటల్ ఖర్చు మీ కంపెనీ ఇన్సూరెన్స్‌లో ఉండేవా? చాలా కంపెనీల్లో పేరెంట్స్‌ని కూడా చేరుస్తారు. ఆ కవర్ మామూలుగా నీ లాస్ట్ వర్కింగ్ డేతో ఆగిపోతుంది. ఆయన జేబులో ఆ కార్డు ఇంకా అలాగే ఉంటుంది, పని చేస్తుందనే ధీమాతో ఉంటారు, రేపు ఏదైనా అయ్యి మీ అమ్మ గారు ఆ కార్డు పట్టుకుని హాస్పిటల్ కౌంటర్ దగ్గరికెళ్తే క్యాష్‌లెస్ కుదరదంటారు. ఆయన ఆరోగ్యం కోసమే కదా దాస్తున్నావు, మరి ఆ దాచడం వల్ల ఆయనకే కవర్ లేకుండా పోయింది. కాబట్టి చెప్పాలి, అదీ ఈ రెండు మూడు రోజుల్లోనే.

చెప్పే ముందు ఆ ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి గ్రూప్ పాలసీ నుంచి ఫ్యామిలీ పాలసీకి మారడానికి ఇంకా టైమ్ ఉందా అని అడుగు. టైమ్ లోపల మారితే బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులకి పెట్టే వెయిటింగ్ పీరియడ్‌లో (అంటే వాటికి క్లెయిమ్ ఇవ్వని కాలంలో) ఇప్పటిదాకా గడిచిన కాలం కలుస్తుంది, కొత్తగా తీసుకుంటే ఆ వెయిటింగ్ మూడేళ్ల దాకా పెట్టొచ్చు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ కూడా తీసేశారు, కాబట్టి పాత రేటు గుర్తుపెట్టుకుని భయపడకు.

ఇంక ఎలా చెప్పాలి అంటే, రాత్రి భోజనాలయ్యాక టీవీ ఆపేసి కూర్చోబెట్టి చెప్పు. చేతిలో ఎంత ఉంది, ఈఎమ్ఐ ఎంత, ఎన్ని నెలలు నడుస్తుంది అనేది ఒక కాగితం మీద రాసి చూపించు. పెద్దవాళ్లకి లెక్క కనపడితే సగం కంగారు తగ్గుతుంది. ఐడీపీఎల్, ఆల్విన్ లాంటి ఫ్యాక్టరీలు మూతపడటం కళ్లారా చూసిన తరం అది, ఉద్యోగం పోవడం అంటే ఏంటో వాళ్లకి మనం నేర్పక్కర్లేదు. ఇంకో విషయం, నువ్వు రోజూ బయటికెళ్లినంతసేపు ఇంట్లో అబద్ధం మోస్తున్నది నీ భార్య. మామగారు "వాడు ఇవాళ లేటా?" అంటే సమాధానం చెప్పాల్సింది ఆ అమ్మాయే. ఆమె గురించి నీ మెయిల్‌లో ఒక్క ముక్కే రాశావు, నాకు అది బాధగా అనిపించింది.

చెప్పేశాక కూడా పొద్దున్నే బయటికెళ్లు, ఆ అలవాటు మంచిదే. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకెళ్లి కూర్చో, గ్రూప్స్‌కి చదివే పిల్లల మధ్య కూర్చుంటే మనకీ చదవబుద్ధేస్తుంది. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్, చివరి మూడు నెలల పేస్లిప్పులు, జీతంలో కోసిన పన్ను చూపించే ఫారం 16 అన్నీ తీసుకున్నావో లేదో చూసుకో.

పెళ్లిళ్లకెళ్తే "ఇప్పుడెక్కడ చేస్తున్నావ్" అని అడుగుతున్నారండీ, వెళ్లడమే మానేశాను. – రాజమండ్రి

వెళ్లండి. "మానేశాను, ఫలానా పని వెతుకుతున్నా, మీకు తెలిసినచోట ఉంటే చెప్పండి" అని అనేయండి. పదిమందిలో ఎనిమిది మంది అయ్యో అని భోజనాలకెళ్లిపోతారు, మిగతా ఇద్దరిలో ఒకరి బావమరిది ఎక్కడో మేనేజర్ అయ్యుంటాడు. నేను హెచ్‌ఆర్‌లో ఉన్నన్నాళ్లూ తెలిసినవాళ్లు చెప్పి పంపిన రెజ్యూమేనే ముందు తెరిచేవాళ్లం, అది అందరూ చేసేదే.

మేడమ్, ఎనిమిదేళ్ల సర్వీసు ఉంది, జాబ్ పోయింది, పీఎఫ్ మొత్తం తీసేసి బైక్ లోన్, క్రెడిట్ కార్డు కట్టేద్దామనుకుంటున్నా. మూడేళ్లు వదిలేస్తే వడ్డీ కూడా రాదంట కదా? – విజయవాడ

ఆ వడ్డీ మాట పట్టించుకోకండి. రిటైర్మెంట్ వయసు రానివాళ్లకి జాబ్ లేకపోయినా ఖాతాలో డబ్బుకి వడ్డీ పడుతూనే ఉంటుంది, 2024-25కి 8.25 శాతం ఇచ్చారు. క్రెడిట్ కార్డు బాకీ మాత్రం నిజంగానే ప్రమాదం, దాని వడ్డీ పీఎఫ్ వడ్డీకి ఎన్నో రెట్లు, దానికి కావాల్సినంత తీయడం తప్పు కాదు. బైక్ లోన్ ఈఎమ్ఐ మామూలుగా కట్టుకుంటూ పోండి. 2025 అక్టోబర్‌లో పీఎఫ్ చూసే సంస్థ ఈపీఎఫ్‌ఓ ట్రస్టీల బోర్డు జాబ్ పోయిన వెంటనే 75 శాతం తీసుకునేలా, మిగతా 25 శాతం 12 నెలలు ఖాళీగా ఉన్నాకే ఇచ్చేలా నిర్ణయం తీసుకుంది, కాబట్టి పాత యూట్యూబ్ వీడియోలు చూసి ప్లాన్ వేసుకోవద్దు, ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో మీ ఖాతాకి ఇవాళ ఏం చూపిస్తోందో అదే చూడండి.

అసలు మీరు జాగ్రత్త పడాల్సింది పీఎఫ్‌తో పాటు జమయ్యే పెన్షన్ భాగం దగ్గర. పెన్షన్‌కి పదేళ్ల సర్వీసు కావాలి, మీకు ఎనిమిది ఉంది. ఇప్పుడు ఫారం 10సీ పెట్టి ఆ డబ్బు కూడా లాగేస్తే ఆ ఎనిమిదేళ్లు పెన్షన్ లెక్కలోంచి పోయినట్టే, కొత్త జాబ్‌లో మళ్లీ సున్నా నుంచి మొదలు. వచ్చేది పెద్ద మొత్తమేం కాదు. దాన్ని మాత్రం కదపకండి, ప్లీజ్. పాత కంపెనీ పీఎఫ్ ఖాతాలో మీరు మానేసిన తేదీ (ఎగ్జిట్ డేట్) వెయ్యకపోతే రెండు నెలల తర్వాత మీరే ఆధార్ ఓటీపీతో పోర్టల్‌లో వేసుకోవచ్చు.

అక్కా, కాంట్రాక్ట్ అయిపోయి ఇంట్లో ఉంటున్నా. అంతకుముందు వంటమనిషి ఉండేది, ఇప్పుడు మాన్పించేశారు. ఆడపడుచు పిల్లల్ని కూడా నా దగ్గరే దింపి వెళ్తోంది. ఏదైనా అంటే "ఖాళీగానే ఉన్నావుగా" అంటారు. ఇంటర్వ్యూ కాల్ వచ్చినప్పుడు కుక్కర్ విజిల్ వినిపిస్తోంది. మా ఆయన మంచివారే కానీ ఏమీ మాట్లాడరు. – గాజువాక

అమ్మా, మీ ఉత్తరం చదివి నాకు నిజంగా కోపం వచ్చింది. మగవాడి జాబ్ పోతే ఇంట్లో అందరూ గొంతు తగ్గించి మాట్లాడతారు, పిల్లలతో "నాన్నని విసిగించకండి" అంటారు, ఆడదాని జాబ్ పోతే మాత్రం ఇంటికి ఒక పనిమనిషి దొరికినట్టు చూస్తారు. జాబ్ వెతకడం కూడా పనే. రోజుకి నాలుగు గంటలు కూర్చుంటే తప్ప అప్లికేషన్లు, ప్రాక్టీసు, కాల్స్ అవ్వవు, ఆ నాలుగు గంటలు మీకు దొరక్కపోతే ఆరు నెలలు కాస్తా ఏడాదిన్నర అవుతుంది, అప్పుడు గ్యాప్ ఎందుకొచ్చిందని ఇంటర్వ్యూలో అడిగేది మిమ్మల్నే, మీ అత్తగారిని కాదు.

మీ ఆయనతో మాట్లాడండి, గొడవగా కాదు, లెక్కగా. వంటమనిషికి నెలకి ఎంత ఇచ్చేవాళ్లు, మీ జీతం ఎంత వచ్చేది, ఒక్క నెల లేటైతే ఇంటికి ఎంత నష్టం. ఆ డబ్బు మిగుల్చుకోవడానికి ఈ జీతం పోగొట్టుకుంటున్నారని ఆయనకి అర్థమవ్వాలి. తర్వాత వాళ్ల అక్కతోనో చెల్లెలితోనో మాట్లాడాల్సింది ఆయనే, మీరు కాదు, మీరు మాట్లాడితే కోడలు పిల్లల్ని చూడనంది అనే మాట ఊరంతా తిరుగుతుంది. పొద్దున పదింటి నుంచి రెండింటి దాకా తలుపు వేసేయండి. మొదటి వారం మూతులు ముడుస్తారు, ముడవనివ్వండి. కాల్స్ ఉన్న రోజు పక్కింటివాళ్ల గది అయినా అడగండి, ఇలాంటి సాయం అడిగితే ఆడవాళ్లు కాదనరు.

ఏఐ వచ్చేసింది, ఇక ఐటీ అయిపోయిందంటున్నారు. వేరే లైన్ చూసుకోవాలా? – హన్మకొండ

2025 జూలైలో టీసీఎస్ అంతటి కంపెనీ సిబ్బందిలో దాదాపు 2 శాతం, అంటే 12 వేల మందికి పైగా తగ్గిస్తానని ప్రకటించింది కాబట్టి భయం ఊరికే పుట్టిందేం కాదు. అయినా "అయిపోయింది" అనేవాళ్ల మాట మీద లైన్ మార్చొద్దు. మీ పనిలో ఏ భాగం మెషీన్ చేసేస్తోందో మీకే బాగా తెలుసు, ఆ భాగం వదిలి మిగతాది గట్టిగా నేర్చుకోండి. టీ కొట్టు దగ్గర అభిప్రాయాలకి కొదవ లేదు, కానీ అవి ఎవరి ఇంటి అద్దె కట్టవు.

మా అబ్బాయికి డల్లాస్‌లో లేఆఫ్ అయింది, 60 రోజులే టైమ్ అంటున్నాడు. రోజూ ఫోన్ చేస్తే విసుక్కుంటున్నాడు. ఏం చెయ్యాలమ్మా? – తెనాలి

అమ్మా, హెచ్1బీ (అక్కడి వర్క్ వీసా) వాళ్లకి ఉద్యోగం ఆఖరి రోజు నుంచి 60 రోజుల దాకా ఉంటుంది, అక్కడ ఉండటానికి ఇచ్చిన గడువు అంతకంటే ముందే తీరిపోతే ఆ తేదీయే లెక్క. ఆ లోపల కొత్త కంపెనీ అతని పేరు మీద పిటిషన్ వెయ్యాలి, వేశాక అప్రూవల్ కోసం ఆగకుండా పనిలో చేరొచ్చు. కోడలికి హెచ్1బీ ఉంటే ఆమె మీద ఆధారపడిన భర్తగా హెచ్4 వీసాకి మారొచ్చు, లేదంటే విజిటర్ స్టేటస్‌కి అప్లై చేసి కొంత టైమ్ తీసుకోవచ్చు, ఇది లాయర్‌తో చూసుకోవాల్సిన పని. మీకు పొద్దున ఏడున్నర అంటే అతనికి ముందు రోజు రాత్రి, అప్పటికి పదిమందితో మాట్లాడి అలసిపోయి ఉంటాడు. వారానికి రెండుసార్లు చెయ్యండి, జాబ్ సంగతి మీరు ఎత్తకండి, అతనే చెప్తాడు. ఒక్క మాట మాత్రం ఈసారే చెప్పండి: "వచ్చెయ్యాల్సి వస్తే రా నాన్నా, మన ఇల్లు ఉంది, ఎవరేమనుకున్నా నేను చూసుకుంటా." అది తెలిస్తే అతను భయంతో ఏదో ఒకదాంట్లో చేరిపోకుండా నిదానంగా ఆలోచించుకుంటాడు.

అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టి జాబ్ ఇప్పిస్తామంటున్నారు. లక్షన్నర అడిగారు, సగం కట్టాను, ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా వాళ్ల దగ్గరే ఉన్నాయి. మిగతాది కట్టాలా? – నల్గొండ

కట్టొద్దు తమ్ముడూ. లేని ఎక్స్‌పీరియన్స్ పెట్టుకుంటే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో మీ యూఏఎన్ (పీఎఫ్ నంబరు) కింద ఏ కంపెనీ నుంచి ఏ నెల పీఎఫ్ పడిందో చూస్తారు, అక్కడే దొరికిపోతారు, చేరిన ఏడాదికి బయటపడినా వెంటనే తీసేస్తారు. నిజంగా మీకొచ్చిన పనితో ఫ్రెషర్‌గా తక్కువ జీతానికి చేరడమే నయం. కట్టిన డబ్బు సంగతి తర్వాత, ముందు మీ సర్టిఫికెట్లు రావాలి. ఇంట్లో పెద్దవాళ్లని ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లి అడగండి, ఇవ్వకపోతే ఆ ఏరియా పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా కంప్లైంట్ ఇవ్వండి, డబ్బు పంపిన యూపీఐ స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ మెసేజ్‌లు డిలీట్ చెయ్యకుండా ప్రింట్ తీసి పట్టుకెళ్లండి. ఆన్‌లైన్‌లో ఇంకెవరికైనా డబ్బు పంపి ఉంటే ఇవాళే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.