నెలాఖరులో తిండి తగ్గితే షుగర్ మాత్రలు ఎలా వేసుకోవాలి?

ప్రశ్న: మా వారికి 46 ఏళ్లు. ఆరేళ్లుగా షుగర్‌కు పొద్దున, రాత్రి మాత్రలు వేసుకుంటున్నారు. వచ్చే జీతం నెలంతా సరిపోవడం లేదు. చివరి పది రోజులు ఒక పూట తిండి మానుకుంటున్నాం. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయనకు చెమటలు పట్టి, చేతులు వణుకుతున్నాయి. తిండి తగ్గింది కాబట్టి మాత్రను సగం చేసి వేసుకోవచ్చా? నాలుగేళ్ల బాబు పాలిపోయినట్టు ఉంటాడు, ఆటల మీద కూడా ధ్యాస లేదు. వాడూ, తొమ్మిదేళ్ల పాపా తిన్నాక మిగిలిందే నేను తింటాను. అయినా నా బరువు పెరుగుతోంది, ఎందుకు? పాలు, గుడ్లు, పండ్లు తినాలని డాక్టరు గారు చెబితే తల ఊపి వచ్చేశాను కానీ, అవి కొనలేమని నోరు తెరిచి చెప్పలేకపోయాను. ఆహార సాయానికి దరఖాస్తు చేద్దామంటే మా వారు నామోషీ అంటున్నారు. ఏం చేయమంటారు? (ఒక పాఠకురాలు)

జవాబు: మీరు అడిగిన వాటన్నిటిలో ముందుగా తేల్చుకోవాల్సింది మీ వారి మాత్రల సంగతి. మిగతా వాటికి కొంత వ్యవధి ఉంది, దీనికి లేదు. పూట తిండి మానిన రోజుల్లోనే చెమటలు పట్టడం, చేతులు వణకడం కనిపిస్తున్నాయంటే, రక్తంలో చక్కెర ఉండాల్సిన దానికంటే కిందికి పడిపోతోందని గట్టిగా అనుమానించాలి. షుగర్ మందులు వాడేవారిలో అది 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే జాగ్రత్త పడాలి, 54 కంటే తగ్గితే మెదడుకు అందాల్సిన శక్తి అందక మాట తడబడటం, తికమక, మగత, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. రాత్రి మాత్ర వేసుకుని అర్ధాకలితో పడుకున్న మనిషికి ఇదే నిద్రలో వస్తే ఇంట్లో వాళ్లకు వెంటనే తెలియదు. తెల్లారేసరికి పక్క చెమటతో తడిసి ఉండటం, లేచాక తలనొప్పి, పీడకలలు వచ్చాయనడం వంటివి ఉన్నాయేమో ఆయనను అడిగి చూడండి.

మాత్రను సగం చేయవచ్చా అన్నదానికి, ఆ మాత్ర ఏదో తెలియకుండా ఎవరూ జవాబు చెప్పకూడదు. షుగర్ మాత్రలన్నీ ఒకే దారిలో పనిచేయవు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటివి క్లోమగ్రంథిని ప్రేరేపించి ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి. మనిషి తిన్నాడా లేదా అన్నదానితో వాటికి నిమిత్తం లేదు కాబట్టి, ఖాళీ కడుపున ఉన్నవారిలో చక్కెరను ప్రమాదకరంగా పడగొట్టేవి చాలావరకు ఇవే. మూత్రపిండాల పనితీరు తగ్గినవారిలో వీటి ప్రభావం మరింత సేపు నిలుస్తుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో చక్కెర అంతగా పడిపోవడం అరుదు. ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలతో చిక్కు వేరు: అవి వాడుతూ పస్తులుంటే, చక్కెర మరీ ఎక్కువగా లేకపోయినా రక్తంలో కీటోన్ ఆమ్లాలు పేరుకుని వాంతులు, ఆయాసం వచ్చే ప్రమాదం ఉంది. పైగా నెమ్మదిగా కరిగేలా తయారుచేసిన కొన్ని మాత్రలను విరగ్గొట్టకూడదు. అంచనాగా సగం చేసుకుంటే తగ్గించాల్సినది తగ్గించకుండా, తగ్గించకూడనిది తగ్గించినట్టు అయ్యే అవకాశం ఉంది.

అందువల్ల ఈ వారంలోనే ఇంట్లో ఉన్న మందుల అట్టలన్నీ తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. వెళ్లేలోగా ఆ మాత్రల పేర్లు చదివి, పైన చెప్పిన ఇన్సులిన్ విడుదల చేయించే రకం వాటిలో ఉందేమో డాక్టరునో, ఫార్మసిస్టునో ఫోన్‌లోనైనా అడిగి తెలుసుకోండి. ఉంటే, తిండి లేని పూట ఆ మాత్ర వేసుకోకూడదు. చక్కెరను అంతగా పడగొట్టని మందులు ఉన్నాయి, వాటిలో చవకైనవీ ఉన్నాయి. మీ పరిస్థితి తెలిస్తే డాక్టరు మందు మార్చగలరు, మోతాదు మార్చగలరు, ఏ పూట తిండి తప్పకుండా ఉంటుందో ఆ పూటకు మాత్రను జరపగలరు. ఇది చదివే వారిలో ఇన్సులిన్ వాడేవారు ఎవరైనా ఉంటే, తిండి తగ్గిందని దాన్ని పూర్తిగా మానేయకండి, ముఖ్యంగా టైప్ 1 మధుమేహం ఉన్నవారికి అలా మానడం ప్రాణాల మీదికి తెస్తుంది. ఎంత తగ్గించాలో అడిగే తగ్గించుకోవాలి.

మళ్లీ చెమటలు, వణుకు మొదలైతే ఏం చేయాలో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. మూడు నాలుగు టీస్పూన్ల చక్కెర, అంటే దాదాపు 15 గ్రాములు, కొద్ది నీళ్లలో కలిపి వెంటనే తాగించండి. 15 నిమిషాల్లో తేరుకోకపోతే మరోసారి ఇవ్వండి. తేరుకున్నాక కడుపులోకి కాస్త ఘనాహారం వెళ్లాలి, లేకపోతే చక్కెర మళ్లీ పడిపోతుంది. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్‌ను పిలవండి. బీపీకి, గుండెకు ఇచ్చే బీటా బ్లాకర్ మాత్రలు వాడుతుంటే వణుకు, దడ బయటికి అంతగా కనిపించకపోవచ్చు, అందుకని ఆ మందు ఉందేమో కూడా డాక్టరుకు చెప్పండి.

ఇది మీ ఒక్క ఇంటి సమస్య అనుకోవద్దు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2000 నుంచి 2008 వరకు ఆసుపత్రుల్లో చేరినవారి వివరాలను పరిశీలించి, 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. తక్కువ ఆదాయం ఉన్నవారిలో చక్కెర పడిపోయి ఆసుపత్రిలో చేరడం నెల మొదటి వారంతో పోలిస్తే చివరి వారంలో 27 శాతం ఎక్కువగా కనిపించింది. ఎక్కువ ఆదాయం ఉన్నవారిలో ఆ తేడా లేదు. చేతిలో డబ్బు అయిపోవడమూ, వంటింట్లో సరుకులు నిండుకోవడమూ రోగి రక్తంలో అలా లెక్కకు వస్తాయి.

ఇక, తల ఊపి వచ్చేశానన్నారే, ఆ సంగతికి వస్తాను. కొనలేని పండ్ల పేర్లు వింటూ మర్యాదకు తల ఊపే తల్లులను రోజూ చూస్తూనే ఉంటాం. అందులో మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇంట్లో తిండి సరిపోతోందా అని అడగకుండా ఆహార పట్టిక రాసి ఇవ్వడం వైద్యం చేసేవారి లోపం. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం ప్రతి కుటుంబాన్నీ రెండు విషయాలు అడగాలని 2015లో తన సభ్యులకు సూచించింది: ఈ ఏడాదిలో చేతికి డబ్బు అందేలోగా తిండి అయిపోతుందేమోనని ఎప్పుడైనా దిగులు పడ్డారా, నిజంగానే అయిపోయి మళ్లీ కొనడానికి డబ్బు లేని పరిస్థితి వచ్చిందా. ఈ రెంటిలో ఒక్కదానికి అవునన్నా దాన్ని గుర్తించి, సాయం దొరికే చోటికి పంపాలన్నది అందులోని ఉద్దేశం. మీ డాక్టరు అడగకపోతే మీరే చెప్పండి. ‘నెలలో చివరి పది రోజులు మాకు ఒక పూట తిండి ఉండదు, దానికి తగ్గట్టు మందులు రాయండి’ అన్న ఒక్క మాట చాలు. మీ వారి చీటీలో షుగర్ రీడింగులు ఎంత ముఖ్యమో ఈ మాట కూడా అంతే ముఖ్యం. ఆ మాట లేకపోతే, నెల మొదట్లో చేసిన పరీక్షలో చక్కెర ఎక్కువగా కనిపించి మందు పెంచే ప్రమాదం ఉంది, అలా పెంచిన మందు నెలాఖరు ఖాళీ కడుపు మీద పనిచేస్తుంది.

బాబు విషయంలో నాకు మొదట వచ్చే అనుమానం రక్తహీనత. రెండు నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తక్కువ ఉంటే దాన్ని రక్తహీనతగా ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిగణిస్తుంది. ఇనుము తగ్గిన పిల్లవాడు పాలిపోవడమే కాదు, త్వరగా అలసిపోతాడు, దేని మీదా మనసు నిలపలేడు, మట్టి, సుద్ద వంటివి నోట్లో పెట్టుకుంటాడు. ఆటల మీద ధ్యాస లేదని మీరు రాసింది అందుకే ముఖ్యమైన గుర్తు. రక్తపరీక్షతో పాటు బరువు, ఎత్తు, చేతి చుట్టుకొలత కూడా కొలిపించండి. భుజానికీ మోచేతికీ మధ్య కొలిచే ఆ చుట్టుకొలత ఐదేళ్లలోపు పిల్లల్లో 12.5 సెంటీమీటర్ల కంటే తగ్గితే పోషకాహార లోపం ఉన్నట్టు, 11.5 కంటే తగ్గితే అది తీవ్రంగా ఉన్నట్టు. రెండు పాదాలూ ఉబ్బి, నొక్కితే గుంట పడుతుంటే కొలతలతో పని లేదు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పెద్దవాళ్ల ఐరన్ మాత్రలు బాబుకు వేయవద్దు. పిల్లలకు బరువును బట్టి మోతాదు ఉంటుంది, అది మించితే విషమవుతుంది. ఆ మాత్రలు పిల్లల చేతికి అందేచోట ఉంచకండి.

ఉన్న డబ్బులో ఏం చేయగలమంటే, చేతికి డబ్బు అందిన మొదటి వారంలోనే నిల్వ ఉండే పప్పు దినుసులు నెలకు సరిపడా కొని పెట్టుకోవడం, కొనగలిగిన రోజున గుడ్డు ముందుగా బాబుకు ఇవ్వడం, ఆకుకూరలు, పప్పు తిన్నప్పుడు పులుపు పండ్లలాంటి విటమిన్ సి ఉన్నదేదైనా తోడు చేర్చడం, భోజనంతో పాటు టీ, కాఫీ లేకుండా చూసుకోవడం మేలు. టీ, కాఫీలు ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. ఈ మాత్రం చెప్పి ఆగిపోతాను, ఎందుకంటే పొదుపు చిట్కాలతో తీరే లోటు కాదిది. పది రోజులు ఒక పూట తిండి లేకపోవడానికి కారణం మీ వంట తెలివి కాదు, చాలని ఆదాయం.

తక్కువ తింటున్నా మీ బరువు ఎందుకు పెరుగుతోందన్నది చాలామందిని కలవరపెట్టే ప్రశ్న. డబ్బు తక్కువైనప్పుడు కడుపు నింపేవి సాధారణంగా పిండి పదార్థాలు, నూనె, చక్కెర. వాటిలో శక్తి ఎక్కువ, మాంసకృత్తులూ విటమిన్లూ తక్కువ. పిల్లలు వదిలేసిన పళ్లెంలో మిగిలేది కూడా ఎక్కువగా అదే, పప్పో గుడ్డో వాళ్ల వంతుకే పోతుంది. పైగా కొన్ని రోజులు పస్తు, డబ్బు రాగానే కొన్ని రోజులు ఆత్రంగా తినడం, దిగులుతో నిద్ర సరిగా లేకపోవడం, ఇవన్నీ ఆకలిని నియంత్రించే హార్మోన్లను దెబ్బతీస్తాయి. కాబట్టి లావుగా ఉన్న మనిషికి పోషకాహార లోపం ఉండదనుకోవడం పొరపాటు. ఆ శరీరంలోనే రక్తహీనత ఉండవచ్చు, రేపు షుగరూ రావచ్చు. మీరు బరువు తగ్గాలని ఇంకో పూట మానేయకండి.

సాయం తీసుకోవడం నామోషీ అంటున్న మీ వారితో కొన్ని విషయాలు నేరుగా చెప్పాలనుకుంటున్నాను. అయ్యా, కూలబడి లేవలేని పరిస్థితి వచ్చాక తీసుకునేదే సాయం అని మీరు అనుకుంటున్నారేమో. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆహార అభద్రతను కొలవడానికి వాడే ఎనిమిది ప్రశ్నల్లో మొదటిది తిండి సరిపోదేమోనన్న దిగులు గురించి, చివరిది రోజంతా ఏమీ తినకుండా గడపడం గురించి. భోజనం మానుకోవడం ఆ వరుసలో మధ్యలో వస్తుంది. మీ ఇల్లు ఆ దిగులును దాటి వచ్చేసింది. అమెరికాలో పేద కుటుంబాలకు ఆహార కూపన్లు ఇచ్చే పథకం 1961 నుంచి 1975 మధ్య ఒక్కో జిల్లాకు ఒక్కో ఏడాది చేరుతూ వెళ్లింది. పసితనంలోనే అది అందిన పిల్లలనూ, తమ ప్రాంతానికి ఆలస్యంగా రావడం వల్ల అందని పిల్లలనూ వాళ్లు పెద్దయ్యాక పోల్చి చూసి, అందినవారిలో ఊబకాయం, అధిక రక్తపోటు, మధుమేహం వంటివి కలిసి వచ్చే ముప్పు తక్కువగా ఉందని ఆర్థికవేత్తలు 2016లో ప్రచురించారు. మీకు షుగర్ ఉంది కాబట్టి మీ పిల్లలకు ఆ ముప్పు ఎలాగూ కొంత ఎక్కువే. ఇప్పుడు వాళ్లకు అందే తిండి ఆ ముప్పును తగ్గించే మందుగా పనిచేస్తుంది. డాక్టరు రాసిన మాత్ర తీసుకోవడానికి మీరు నామోషీ పడలేదు, దీన్నీ నేను చీటీలో రాసినట్టే అనుకోండి.

దరఖాస్తులో ఆదాయం, పిల్లల వయసులతో పాటు ఇంట్లో మధుమేహ రోగి ఉన్న సంగతి కూడా రాయండి. వైద్య ధ్రువపత్రం ఉంటే కొన్ని పథకాల్లో ప్రాధాన్యం దక్కుతుంది, దాన్ని మీ డాక్టరును అడిగి తీసుకోండి. పాపకు బడిలో భోజనం పెడుతుంటే తప్పకుండా తిననివ్వండి, ఎదిగే వయసు దగ్గరపడుతున్న ఆ పిల్లకు ఇనుము, మాంసకృత్తులు మరింత అవసరం. సాయం చేతికి అందే రోజు తెలిశాక ఆ తేదీని డాక్టరుకు చెప్పండి. తిండి పెరిగిన రోజుల్లో చక్కెర పెరగవచ్చు, మందును దానికి తగ్గట్టు మళ్లీ సరిచేయాల్సి ఉంటుంది.

బాబును రక్తపరీక్షకు తీసుకెళ్లిన రోజే మీ హిమోగ్లోబిన్, రక్తపోటు, చక్కెర కూడా చూపించుకోండి. హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే మీకూ ఐరన్ అవసరం. నెలసరి తప్పి ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి, అప్పుడు పూటలు మానడం కడుపులోని బిడ్డకు కూడా హాని చేస్తుంది, చూడాల్సిన అంకెలూ ఇవ్వాల్సిన మాత్రలూ మారతాయి. దిగులుతో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదన్నా, దేని మీదా ఆసక్తి ఉండటం లేదన్నా అదే రోజు అదే డాక్టరుకు చెప్పండి, దానికీ చికిత్స ఉంది.