కబురు బావగారితో ఎందుకు? మీరే వెళ్లండి

ప్రశ్న: మాది విశాఖపట్నం. నాకు 41, నా భార్యకు 37. పిల్లలు ఆరు, మూడు తరగతులు. ఇద్దరివీ ఇంటి నుంచి చేసే ఉద్యోగాలే. అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవి చూసొచ్చాక ఈ ట్రాఫిక్, ఈ పరుగులు మాకిక వద్దనిపించింది. అక్కడ ఒక పల్లెలో ఇల్లు అద్దెకు దొరికింది. వచ్చే ఏడాది వెళ్లిపోదామని ఇద్దరం అనుకున్నాం. అమ్మకు 69 ఏళ్లు. షుగరు ఉంది, గుండెకు స్టెంటు వేశారు. నాన్న పోయినప్పటి నుంచి మా దగ్గరే ఉంటోంది. ఆమెను విజయనగరంలో తమ్ముడి దగ్గర ఉంచి వెళ్తాం. పొలం అమ్మిన డబ్బు దగ్గర తేడా వచ్చి వాడికీ నాకూ అయిదేళ్లుగా మాటల్లేవు, మా చెల్లెలి భర్త బావగారితో చెప్పిస్తాను. అమ్మకు చెబితే ‘అక్కడికి ఫోను కలుస్తుందా’ అని మాత్రం అడిగింది. అభ్యంతరం ఏమీ చెప్పలేదు. మా దిగులంతా పిల్లల చదువు గురించే. అక్కడి బడిలో చేర్చాలా, ఆన్‌లైన్‌లో చదివించాలా?

జవాబు: బడిలోనే చేర్చండి. అండమాన్ సర్కారు బడుల్లో సీబీఎస్ఈ సిలబస్సే, హేవ్‌లాక్‌లో ప్లస్ టూ దాకా ఉంది. అక్కడ ఎక్కువగా ఉండేది దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు. ఏడాది తిరిగేసరికి మీ పిల్లలు హిందీలోనే కాదు, బెంగాలీలో కూడా పోట్లాడుకుంటారు. వాళ్ల గురించి నాకు బెంగ లేదు. అంతటితో మీరడిగిన ప్రశ్న అయిపోయింది.

మీ ఉత్తరం పెద్దది, ఇక్కడ కుదించి వేశాం. అసలు ప్రతిలో బడుల గురించి పేజీన్నర ఉంది. తమ్ముడి గురించి ఒక్క వాక్యం. అదీ బావగారి మీదకి నెట్టేశారు.

ముందు అమ్మగారి మాట చూద్దాం. ఫోను కలుస్తుంది. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ హేవ్‌లాక్‌కూ చేరింది. మీ ఉద్యోగాలు నడుస్తాయి. కానీ ఆవిడ ఆ వివరం కోసం అడిగారనుకుంటున్నారా? కొడుకు సముద్రం దాటి వెళ్తున్నాడు, అన్నతో మాటల్లేని ఇంకో కొడుకింటికి తనను పంపుతున్నాడు. ‘వద్దు’ అంటే మీ సంతోషానికి అడ్డు పడినట్టవుతుంది, ‘సరే’ అనడానికి నోరు రాలేదు. చివరికి మిగిలింది ఆ ప్రశ్న. దాన్ని మీరు ఒప్పుకోలు కింద జమ వేసుకున్నారు.

అమ్మగారిని వెంట తీసుకెళ్లమని నేను చెప్పను. అక్కడ ఉన్నది ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. స్టెంటు ఉన్న మనిషికి రాత్రిపూట ఛాతీలో నొప్పి వస్తే పోర్ట్ బ్లెయిర్ పెద్దాసుపత్రికి చేరాలి. ఆ ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు, పేరు మారినంత మాత్రాన దూరం తగ్గలేదు. పడవను బట్టి గంటన్నర నుంచి రెండున్నర గంటలు, చీకటి పడ్డాక మామూలు పడవలుండవు. ఆవిడను ఇక్కడ ఉంచాలన్న మీ ఆలోచన సబబే.

అయితే ఆ సముద్రం మీకూ అడ్డమేనని మరిచిపోకండి. విజయనగరంలో ఆవిడకు ఒంట్లో బాగాలేదని సాయంత్రం ఫోనొస్తే మీరు మర్నాడు పడవెక్కాలి, అవతల విమానం దొరకాలి. తుపాను పట్టిందంటే పడవలే ఆపేస్తారు. విశాఖకు నేరుగా ఓడలో వద్దామంటే అది మామూలుగా నెలకోసారి తిరిగే ఓడ, ప్రయాణం రెండున్నర రోజులు. అంటే ఆవిడను ఆసుపత్రిలో చేర్చేదీ, ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేదీ, ఐసీయూ బయట కుర్చీలో కూర్చునేదీ మీ తమ్ముడే. అటువంటి బాధ్యత ఎత్తుకోబోయే మనిషితో మీరు నోరు విప్పి మాట్లాడరా? ‘అమ్మను వచ్చే ఏడాది నుంచి నువ్వు చూసుకో’ అని బావగారు వెళ్లి చెప్పాలా? ఆయన అల్లుడండీ. అత్తగారి బాగోగులు ఏ బావమరిది చూడాలో తేల్చే పంచాయతీ ఆయన నెత్తిన పెట్టడం మర్యాద కాదు. చెల్లెలు పుట్టింటికి రావాలన్నా మొహం చెల్లకుండా చేస్తారు.

రేపు తమ్ముడు మొండికేస్తే చట్టం చూపిద్దామనుకుంటారేమో. తల్లిదండ్రుల పోషణకు 2007లో వచ్చిన చట్టం పిల్లలందరికీ వర్తిస్తుంది. అందులో పెద్ద కొడుకూ ఉన్నాడు.

నా ఉద్దేశంలో మీరు పారిపోవాలనుకుంటున్నది ట్రాఫిక్ నుంచి ఒక్కటే కాదు. పెళ్లిళ్లలో తమ్ముడు ఎదురుపడటం, సంక్రాంతికి అమ్మ ముఖం చిన్నబుచ్చుకోవడం, ఇవన్నీ కూడా సముద్రానికి ఇవతల వదిలేసి పోవచ్చని ఆశ. నాకు ఈ విషయంలో పట్టింపు ఎక్కువే, కాబట్టి కాస్త గట్టిగానే చెబుతున్నాను: తల్లిని అప్పగించే చేత్తోనే లెక్క కూడా అప్పగించాలి. పొలం డబ్బు కాగితాలు, బ్యాంకు పాస్‌బుక్కులు పట్టుకుని మీరే విజయనగరం వెళ్లండి. మొదటిసారి ఒక్కరే వెళ్లండి, అమ్మగారిని వెంటపెట్టుకుని కాదు. ఆవిడ ఎదురుగా ఉంటే వాడు నిజం మాట్లాడడు. అండమాన్ ఊసు ఆరోజు ఎత్తవద్దు. ముందు డబ్బు సంగతి తేల్చండి. వాడికి రావాల్సింది ఉంటే ఇచ్చేయండి. మీకు రావాల్సి ఉంటే, ఎంత వదులుకోగలరో ఇంట్లోనే అనుకుని బయల్దేరండి.

ఆ తర్వాత అమ్మగారితో కూర్చుని, ఏం చేద్దామని ఆవిడనే అడగండి. చిన్న కొడుకింట్లో ఉండటానికి ఆవిడ ఇష్టపడవచ్చు. లేదా ఇప్పుడున్న ఫ్లాట్‌లోనే, తెలిసిన డాక్టరుకు దగ్గరగా, తోడుకొక మనిషిని పెట్టుకుని ఉంటాననవచ్చు. ఆ మనిషికి జీతం మీరివ్వాలి, వారానికోసారి వచ్చి చూసేందుకు తమ్ముడు ఒప్పుకోవాలి. ఫ్లాట్ అద్దెకిచ్చే ఆలోచన ఉన్నట్టు కూడా రాశారు. ఆవిడ ఏ మాటా చెప్పకుండా బ్రోకర్‌ను గుమ్మంలోకి రానివ్వకండి.

ఇదంతా తేలాక హేవ్‌లాక్‌కు నిక్షేపంగా వెళ్లండి. మీరు చూసింది సెలవుల్లో. జూలైలో నలుగురూ ఒక నెల ఉండి చూడండి, వాన వదలకుండా కురిసే రోజుల్లో, పడవ రద్దయిన రోజున కూడా ఆ ఊరు నచ్చుతుందేమో. అద్దె ఇంటికి అడ్వాన్సు అప్పుడిచ్చినా ఆలస్యమేమీ కాదు. తమ్ముడికి ఫోను మాత్రం ఈ వారంలోనే చెయ్యండి.