హ్యాండ్ బ్రేక్ రిపేరుకు డైలీ ఫైనాన్సా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. 2012 మోడల్ లారీ ఉంది. ఓనర్ నేనే, డ్రైవర్ నేనే. రైసు మిల్లుల నుంచి కాకినాడకు బియ్యం తోలుతాను. బండి ఫైనాన్స్ తీరిపోయి నాలుగేళ్లయింది. నెల రోజులుగా హ్యాండ్ బ్రేక్ పట్టేసి సరిగా వదలడం లేదు. వెనక ఛాంబర్లు (గాలితో, స్ప్రింగుతో బ్రేకును నడిపే డబ్బాలు) రెండూ, బ్రేకు లైనర్లు మార్చాలి, రూ.34,000 అవుతుందని మెకానిక్ అంటున్నాడు. చేతిలో రూ.6,000 ఉన్నాయి. డైలీ ఫైనాన్స్‌వాళ్లు రూ.34,000 చేతికిచ్చి, రోజుకు రూ.400 చొప్పున వంద రోజులు కట్టమంటున్నారు. తీసుకోమంటారా? లేక ఛాంబర్ బోల్టు తిప్పి సంక్రాంతి దాకా నెట్టుకు రమ్మంటారా? ఇంట్లో మూడు తులాల బంగారం, సగం కట్టిన రెండు లక్షల చిట్టీ ఉన్నాయి.

జవాబు: రెండూ వద్దు. ఆ బోల్టు ఉన్నది దారిలో ఆగిపోయిన బండిని షెడ్డుకు చేర్చుకోవడానికి. అది తిప్పి, ఛాంబర్ లోపల హ్యాండ్ బ్రేకును పట్టి ఉంచే స్ప్రింగును వెనక్కి లాగేస్తే మీ బండికి ఇక హ్యాండ్ బ్రేక్ లేనట్టే. బ్రేకుల గాలి దిగిపోయినప్పుడు తనంతట తాను బండిని పట్టి ఆపేది కూడా ఆ స్ప్రింగే. నిండు లోడుతో మిల్లు వాలులో టైరు కింద రాయి పెట్టి, క్లీనర్‌ని కాపలా ఉంచి ఎన్నాళ్లు నడుపుతారు? అలాగని ఇప్పుడున్నట్టే తోలినా నష్టమే. విజయవాడలో టీకి ఆగినప్పుడు వెనక చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూడండి. సెగ కొడుతూ, లైనర్ కాలిన వాసన వస్తోందంటే బ్రేకు రాసుకుంటూనే వచ్చిందని అర్థం. డీజిల్ ఎక్కువ తాగుతుంది, హబ్బులో గ్రీజు కరుగుతుంది, ఆపైన టైర్లు. ఒక జత టైర్లు పోతే ఈ రిపేరు ఖర్చును మించిపోతుంది.

ఇక డైలీ ఫైనాన్స్. చేతికొచ్చేది 34 వేలు, కట్టేది 40 వేలు. ‘ఆరు వేలేగా’ అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి ఇస్తున్నారు కాబట్టి, లెక్క వేస్తే నెలకు నూటికి పది రూపాయల వడ్డీ పడుతోంది. ఊళ్లో ఎవరైనా పది రూపాయల వడ్డీ అంటే మీరే తిట్టి పంపిస్తారు. రోజుకు నాలుగొందలంటే మాత్రం ఎందుకు ఒప్పుకుంటున్నారు? కిరాయి దొరకని రోజు, మిల్లు దగ్గర లైన్లో పడి ఉన్న రోజు కూడా ఆ మనిషి వచ్చి నిలబడతాడు. అతనికి కట్టడానికి ఇంకొకరి దగ్గర తీసుకుంటారు. లారీలు చేతులు మారేది ఎక్కువగా ఇలాగే.

ఉన్న ఆరు వేలలో నాలుగు వేలు వేసి, మిగతా ముప్పై వేలకు బ్యాంకులో బంగారం పెట్టండి. నెలకు నూటికి రూపాయిలోపే పడుతుంది. నాలుగైదు నెలల్లో విడిపించుకోండి. చిట్టీ ఇప్పుడు పాడొద్దు, తోపు (పాటలో వదులుకునే సొమ్ము) ఎక్కువ పోతుంది.

మీ ఉత్తరం ఎంచుకున్నది ఈ 34 వేల కోసం కాదు. ఫైనాన్స్ తీరి నాలుగేళ్లయిందన్నారు. మరి ఆ ఈఎంఐ డబ్బు నాలుగేళ్లుగా ఎటు పోయింది? ఇంట్లో కలిసిపోయింది. సొంత బండి ఉన్నవాళ్లలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. పాత బండికి ఈఎంఐ ఎప్పటికీ తీరదు. అప్పటిదాకా ఫైనాన్స్ కంపెనీకి కట్టింది, తర్వాత మెకానిక్‌కు కడతాం, అంతే. బ్రేకులు, టైర్లు, ఇన్సూరెన్సు, ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్: వీటిలో అనుకోకుండా వచ్చేది ఏదీ లేదు. ఎప్పుడన్నదే తెలియదు, రావడం మాత్రం ఖాయం.

కాబట్టి బంగారం విడిపించిన నెల నుంచి, కిరాయి చేతికి రాగానే డీజిల్ డబ్బు తీసినట్టే ట్రిప్పుకు రూ.1,500 తీయండి. దానికి వేరే ఖాతా. ఫోన్‌పే, గూగుల్‌పే దేనికీ దాన్ని కలపొద్దు, ఏటీఎం కార్డు ఇంట్లోవాళ్ల దగ్గర ఉంచండి. రూ.75,000 అయ్యేదాకా పెళ్లయినా పండగైనా ముట్టుకోవద్దు. బండికి వాడితే మళ్లీ నింపండి. అది నిండాక ఇంటి ఖర్చుకు మూడు నెలల డబ్బు ఇంకో ఖాతాలో మొదలుపెట్టండి. ఈ రెండూ కలిపేశారో, బండి ఇంటిని తినేస్తుంది. ఫండ్లు, షేర్ల సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఇన్సూరెన్సు గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే అది ఎదుటివాళ్లకే. పాలసీ కాగితంలో ఓనర్-డ్రైవర్‌కు రూ.15 లక్షల ప్రమాద బీమా ఉందో లేదో ఇవాళే చూడండి. నాలుగు డబ్బులు మిగులుతాయని ఏజెంటు తీసేయించి ఉంటే వెంటనే పెట్టించండి. క్లీనర్‌కు కవర్ కూడా అడగండి, కొద్ది రూపాయలే. ఫిట్‌నెస్ లేని బండి ప్రమాదం చేస్తే, బీమా కంపెనీ చెల్లించిన పరిహారాన్ని ఓనరు దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెప్పిన కేసులున్నాయి. మీ ఫిట్‌నెస్ గడువు ఎప్పటిదాకానో రాయలేదు. చూసుకోండి.

ఒక్క జాగ్రత్త: ఛాంబర్‌ను రోడ్డు పక్కన ఎవరితోనూ విప్పించొద్దు. లోపలి స్ప్రింగు ఎగిరి తగిలితే ప్రాణమే పోతుంది. ఎయిర్ బ్రేకుల పని తెలిసిన షెడ్డుకే తీసుకెళ్లండి, గాలి ఎక్కడ పోతోందో ముందు చూడమనండి. ఒక్కోసారి తప్పు ఛాంబర్లో కాక వాల్వులోనో, గ్రీజు లేక బిగుసుకుపోయిన క్యామ్ షాఫ్టులోనో (లైనర్లను డ్రమ్ముకు నొక్కే కడ్డీ) ఉంటుంది. అప్పుడు 34 వేలు కూడా అవసరం పడకపోవచ్చు.